ఎర్ఫుర్ట్‌కి వచ్చిన హెర్బర్ట్

డోర్ట్‌మండ్,
13 మార్చి 1970

ఎల్స్‌బెత్ తల్లీ,

నువ్వు పంపిన చేతిరుమాళ్ళు అందాయి. వాటి సంగతి తర్వాత. నిన్న రేడియోలో వార్త విన్నప్పటి నుంచీ నా కాలు ఒకచోట నిలవడం లేదు. మా ఛాన్సలర్ మీ ఊరు వస్తున్నాడు! బెర్లిన్ కాదు, లైప్‌జిగ్ కాదు, మనం పుట్టి పెరిగిన ఎర్ఫుర్ట్! వచ్చే గురువారం రైల్లో దిగుతాడట. మీ ప్రభుత్వాధినేతతో బల్ల ముందు కూర్చుంటాడట. దేశం రెండు ముక్కలయ్యాక ఈ ముక్క పెద్దా ఆ ముక్క పెద్దా ఎదురెదురుగా కూర్చోవడం ఇదే మొదలు. తమాషా ఏమిటంటే ఇద్దరి పేరూ విల్లీయే. మావాడు విల్లీ బ్రాంట్, మీవాడు విల్లీ ష్టోఫ్. విల్లీ అని పిలిస్తే ఎవరు పలుకుతారో చూడాలి.

నలభై ఏళ్ళుగా నేను మా ఛాన్సలర్ పార్టీ మనిషిని. పోస్టర్లు అంటించాను, మంచులో గుమ్మం గుమ్మం తిరిగాను, ఉక్కు కొలిమి దగ్గర పనిచేస్తూ కూడా చందాలు వసూలు చేశాను. అయినా ఆయన్ని దగ్గరగా చూసిన పాపాన పోలేదు. ఒకసారి మా మైదానంలో సభ పెట్టారు. సరిగ్గా నా ముందు బ్యాండువాడొకడు నిలబడ్డాడు. గంటసేపు వాడి ఇత్తడి బాకా తప్ప నాకేమీ కనిపించలేదు.

మీ పేపర్లు రాయవు కాబట్టి చెబుతున్నాను. ఆయన తండ్రి పేరు తెలియకుండా పెరిగిన పిల్లాడు. తల్లి ల్యూబెక్‌లో దుకాణంలో సరుకులమ్మేది. తాత పెంచాడు. హిట్లర్ రాగానే, పందొమ్మిదేళ్ళవాడు, చేపల పడవెక్కి తప్పించుకుని నార్వే చేరాడు. పేరు మార్చుకున్నాడు. అమ్మ పెట్టిన పేరు హెర్బర్ట్. ఇక్కడ గిట్టనివాళ్ళు ఇప్పటికీ ఆ పాత పేరు పెట్టి దెప్పుతారు, వాళ్ళ నోళ్ళు పడిపోను.

మనింట్లోనూ ఆ పేరు గలవాడొకడు ఉన్నాడు, నీకు తెలుసు. 1946లో ఆ హాల్లో, మన పార్టీని తీసుకెళ్ళి కమ్యూనిస్టుల ఒళ్ళో కూర్చోబెట్టడానికి చెయ్యెత్తిన మహానుభావుడు. నేను ఆ చెయ్యి చూసే ఇల్లు వదిలి పడమటికి వచ్చేశాను. వాడి గురించి ఒక్క ముక్క రాసినా ఉత్తరం చింపేస్తానని ముందే చెప్పాను. ఇప్పుడూ అదే మాట.

నువ్వు మాత్రం గురువారం స్టేషన్‌కి వెళ్ళు. నా కళ్ళు నీకిస్తున్నాను అనుకో. ఎలా నడుస్తాడు? టోపీ పెట్టుకున్నాడా? జనం ఏమన్నారు? నవ్వాడా? అన్నీ రాయి. ఒక్కటి కూడా వదలకు.

ఆత్రం పట్టలేక ఛస్తున్న నీ అన్న,
ఆల్విన్


ఎర్ఫుర్ట్,
22 మార్చి 1970

అన్నయ్యా,

నీ ఉత్తరం బాగా నలిగి వచ్చింది. మా ఊళ్ళో నీ ఉత్తరాలంటే అందరికీ ప్రేమే, నలుగురూ ముద్దుచేసి గానీ నాకివ్వరు. జిగురు కూడా మరోసారి రాసి అంటించినంత గట్టిగా ఉంది. కాబట్టి నేను ఇంటి సంగతులే రాస్తాను. బుర్రున్నవాడివి, నీకు ఆ మాత్రం చాలు.

మొన్న గురువారం హెర్బర్ట్ వచ్చాడు.

అదేమిటి, ఆ పేరు రాస్తున్నానని చింపెయ్యకు. నువ్వే కదా ఉత్తరంలో గుర్తుచేశావు. వెళ్ళి చూశాను. నేనొక్కదాన్నే కాదు, మా విత్తనాల గిడ్డంగి ఆడవాళ్ళందరం. కడుతున్న పొట్లాలు ఎక్కడివక్కడే వదిలేసి, ఏప్రన్ల మీదే పరిగెత్తాం. మా సూపర్‌వైజర్ తలుపు దగ్గర నిలబడి "ఎక్కడికి, ఎక్కడికి?" అని కేకలేశాడు. తర్వాత చూస్తే అతనూ మా వెనకాలే ఉన్నాడు.

నేను కాస్త ఎత్తు చూసుకుని నిలబడ్డాను. మొహం కనిపించింది. ఏమీ మాట్లాడలేదు. చెయ్యి కొద్దిగా ఎత్తి, అరచెయ్యి కిందికి తిప్పి, మెల్లగా దించాడు. అంతే. ఆ చెయ్యి చూడగానే నాకు ఏడుపాగలేదు, అన్నయ్యా. ఎందుకేడ్చానో ఇప్పటికీ తెలీదు. పక్కనున్న ముసలావిడ తన రుమాలిచ్చింది, అది అప్పటికే తడిసి ఉంది.

టోపీ లేదు. మామూలు ముదురు కోటు. నడక కొంచెం బరువుగా ఉంది.

పైనున్న మనిషికి దగ్గు తగ్గలేదు. ఇంతకుమించి రాయను, కోప్పడతావు.

ఈ వసంతంలో మా దగ్గర బంతి విత్తనానికి గిరాకీ బాగుంది. నీ కిటికీలో వేసుకోవడానికి కొంచెం ఇందులో పెట్టాను, దారిలో ఎవరి తోటలోనైనా మొలవకపోతే నీకందుతుంది.

కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్న నీ
ఎల్స్‌బెత్


డోర్ట్‌మండ్,
6 ఏప్రిల్ 1970

ఎల్స్‌బెత్‌కి,

నేనడిగిందేమిటి, నువ్వు రాసిందేమిటి?

నీ గుమ్మం ముందుకి ఛాన్సలర్ వస్తే ఆయన గురించి ఒక్క అక్షరం లేదు! హెర్బర్ట్ వచ్చాడట, హెర్బర్ట్ చెయ్యెత్తాడట, ఈవిడ ఏడ్చిందట! వాడు ఇంకా చెయ్యెత్తడం మానలేదన్నమాట. జీవితంలో అదొక్క పనే నేర్చుకున్నాడు. పైగా పని మానేసి, ఏప్రన్లతో పరిగెత్తి చూడ్డానికి వెళ్ళారా? వాడప్పుడే అంత పెద్ద నాయకుడైపోయాడా? మీ ఊళ్ళో చెయ్యెత్తినవాళ్ళని ఊరేగిస్తారు కాబోలు!

చింపేద్దామనే అనుకున్నాను. విత్తనాలు ఉన్నాయి కదా అని ఆగాను.

నేనిక్కడ టీవీలో అంతా చూశాను, తెలుసా. స్టేషన్ ఎదురుగా హోటలు, దాని ముందు జనసముద్రం, పోలీసులు చేతులు చేతులు పట్టుకుని అడ్డం నిలబడినా జనం తోసుకుపోయారు. "విల్లీ బ్రాంట్, కిటికీ దగ్గరికి రా!" అని అరిచారు. ఉత్త విల్లీ అంటే మీవాడు వచ్చి నిలబడతాడేమోనని పూర్తి పేరు పెట్టి అరిచిన వాళ్ళ తెలివికి నేను ఎగిరి గంతేశాను. అన్ని తలకాయల్లో నీ తలకాయ కోసం వెతికాను. గళ్ళ స్కార్ఫు కనిపిస్తే "అదిగో నా చెల్లెలు!" అని అరిచాను. నువ్వు మాత్రం ఆ రోజు హెర్బర్ట్‌గారి దర్శనానికి పోయావు!

నిజం చెప్పు. అసలు స్టేషన్‌కి వెళ్ళావా లేదా? ఆ కిటికీ కింద నిలబడ్డవాళ్ళు నీకొక్కరైనా తెలుసా? వాళ్ళనైనా అడిగి రాయి.

ఇంకొకటి. పైనున్న మనిషికి దగ్గొస్తే నాకెందుకు కోపం? ఇళ్ళు కేటాయించే ఆఫీసువాళ్ళు నీ నెత్తిన ఎవణ్ణో అద్దెకి కూర్చోబెట్టారన్నమాట. వాడి దగ్గుతో నాకేం పని!

నీ అన్న, ఇంకా కోపంగానే,
ఆల్విన్


ఎర్ఫుర్ట్,
28 ఏప్రిల్ 1970

నా నాటకాల అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి నవ్వాపుకోలేకపోయాను. ఆ కోపం, ఆ దెప్పుళ్ళు! "జీవితంలో అదొక్క పనే నేర్చుకున్నాడు" అన్నచోట కాఫీ కప్పు కింద పెట్టాల్సి వచ్చింది. నీలో ఇంత నటుడున్నాడని తెలీదు. చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో గొర్రె వేషం వేసి మాట్లాడ్డం మర్చిపోయినవాడివి నువ్వేనా?

అడిగావు కాబట్టి హెర్బర్ట్ గురించి ఇంకొంచెం రాస్తాను. జుట్టు పలచబడింది. మొహం నిండా గీతలు, వయసుకి మించి. మా పాలావిడ "ఈయన సరిగ్గా నిద్రపోయే మనిషి కాడు" అంది. అంత దూరం నుంచి ఆవిడకెలా తెలిసిందో! నాకూ అలాగే అనిపించింది మరి.

ఇన్ని రోజులై నన్ను తొలుస్తున్నదేమిటంటే, ఆ చెయ్యి. ఇంకొకడైతే అంతమందిని చూసి ఉపన్యాసం దంచేవాడు. ఇతను ఊరుకోండి అన్నట్టు చెయ్యి దించాడు. సాయంత్రం రైలెక్కి తను వెళ్ళిపోతాడు, మేమిక్కడే ఉండాలి. ఎక్కువ చేస్తే మర్నాడు దెబ్బలు పడేది మాకే కదా. అది తెలిసినవాడిలా ఉన్నాడు. జనం ముందు నిలబడి గొంతు తగ్గించుకునే మనిషిని నేను అదే మొదలు చూడటం. నువ్వైతే చేసేవాడివా? నేనైతే చేసేదాన్నా?

పైనున్న మనిషి గురించి నువ్వు రాసిన మాట మాత్రం నాకు నచ్చలేదు. అది నటన అయినా నచ్చలేదు. డోర్ట్‌మండ్ ముద్ర చూస్తే చాలు, అంత ఆయాసంలోనూ మెట్లు దిగి వస్తాడు. "ఏం రాశాడు? ఒంట్లో ఎలా ఉందట? ఇంకా పార్టీ పనికి తిరుగుతున్నాడా?" అని ఒకటే ఆరా. నేను చదివి వినిపిస్తాను, కొన్నిచోట్ల వదిలేస్తాను. వదిలేసినచోట అతనికి తెలిసిపోతుంది, గోడవైపు చూస్తాడు.

గనిలో చేసిన ఏళ్ళన్నీ ఆ ఊపిరితిత్తుల్లోనే కూర్చున్నాయి అంటున్నాడు డాక్టరు.

ఉంటాను. బంతి మొలిచిందా?
ఎల్స్‌బెత్


డోర్ట్‌మండ్,
20 మే 1970

చెల్లాయ్,

బంతి మొలిచింది. నా కోపం నీకు నవ్వులాటయింది, కానీయ్.

నీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. హెర్బర్ట్ గురించి నువ్వు రాసింది నమ్మాలో వద్దో తెలీడం లేదు. వాడు ఎర్ఫుర్ట్‌లో ఉండటం లేదా? సాయంత్రం రైలెక్కి ఎక్కడికి పోయాడు? ఏ ఊరికి మార్చారు? నాకు తెలిసిన హెర్బర్ట్ నోరు మూసుకునే రకం కాదు. భోజనాల బల్ల దగ్గర నాన్న చెంచా పెట్టి కొట్టినా వాదన ఆపేవాడు కాదు. అలాంటివాడు జనం ముందు నిలబడి, వాళ్ళకి కష్టం వస్తుందని చెయ్యి దించాడా? మొహం నిండా గీతలా? వాడు నాకంటే పదకొండేళ్ళు చిన్న. నాకింకా తొట్టిలో కాళ్ళాడిస్తున్నట్టే గుర్తు.

సరే. రెండు కాఫీ పొట్లాలు పంపుతున్నాను. ఒకటి నీకు. ఒకటి హెర్బర్ట్ మళ్ళీ వస్తే వాడికివ్వు. నేనిచ్చానని చెప్పు. చెప్పకపోయినా ఫరవాలేదు. కాదు, చెప్పు.

ఇక జాగ్రత్తగా విను. నువ్వు మరీ అమాయకురాలివి. ముద్ర చూసి మెట్లు దిగి వచ్చేవాడు, నేను పార్టీ పనికి తిరుగుతున్నానా అని ఆరా తీసేవాడు ఎవడో నీకు అర్థం కావడం లేదా? వాడు వాళ్ళు పెట్టిన మనిషి! విన్నవన్నీ పైకి మోసేవాడు. ఆ దగ్గు కూడా నటనే అయ్యుంటుంది. ఇకనుంచి వాడికి ఒక్క ముక్క చదివావంటే ఊరుకోను. నా కాఫీలో ఒక్క గింజ కూడా వాడి గొంతు దిగకూడదు.

నీ మంచి కోరే
ఆల్విన్


ఎర్ఫుర్ట్,
11 జూన్ 1970

ఆల్విన్‌కి,

కాఫీ అందింది. హెర్బర్ట్‌కి ఇవ్వమన్నావు. వేళాకోళానికైనా ఒక హద్దుండాలి. అతను నాకంటే నీకే దగ్గర, ఇవ్వాలనుంటే నువ్వే ఇచ్చుకో.

రెండు పొట్లాలూ పైకి పంపేశాను. నేను చుక్క కూడా తాగలేదు.

ఒక తల్లి కడుపున పుట్టి అంత మాట ఎలా రాయగలిగావు? దగ్గు నటనా? వచ్చి ఒక్కరోజు ఈ మెట్ల కింద కూర్చుని విను, అప్పుడు రాయి. నువ్వు పట్టుదల మనిషివని తెలుసు గానీ ఇంత రాతిగుండె అనుకోలేదు.

ఇక నేను రాయను.

ఎల్స్‌బెత్


డోర్ట్‌మండ్,
2 ఆగస్టు 1970

ఎల్స్‌బెత్,

నువ్వు అలిగాక ఇది నా మూడో ఉత్తరం. నేనేమన్నాను? ఎవడో అద్దెవాణ్ణి ఒక మాట అంటే తల్లి కడుపు దాకా వెళ్ళావేమిటి? నా కాఫీ నీ ఇష్టం, పైవాడికే పోసుకో, ఊరంతా పంచుకో.

"అతను నాకంటే నీకే దగ్గర" అన్నావు. ఆ మాట పట్టుకుని రెండు నెలలుగా తిరుగుతున్నాను. నిజమేనేమో. వాడికి రాయడం నేర్పింది నేను. కొట్లాడటం నేర్పిందీ నేనే. ఇన్నేళ్ళలో వాడితో మనసులో వాదించకుండా నిద్రపోయిన రోజు లేదు. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

రాయవే, నీకు పుణ్యముంటుంది.

ఆల్విన్


ఎర్ఫుర్ట్,
9 డిసెంబరు 1970

అన్నయ్యా,

రాయనన్నాను, రాస్తున్నాను. పైనున్న మనిషి రాయమన్నాడు.

సోమవారం సాయంత్రం పైన అతని గదిలో టీవీ ముందు కూర్చున్నాం. పాతికేళ్ళ పార్టీ సభ్యుడు, మీ టీవీ వార్తలు చూడ్డానికి తన చేత్తో తనే ఏరియల్ పడమటికి తిప్పాడు. హెర్బర్ట్ వార్సాలో ఉన్నాడు. యూదుల వాడలో చనిపోయినవాళ్ళ స్మారకం దగ్గర పూలమాల పెట్టాడు. రిబ్బన్లు సర్దాడు. రెండడుగులు వెనక్కి వేసి, ఉన్నట్టుండి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తడి నేల. చేతులు ముందుకి కట్టుకుని, తల కదపకుండా.

పైనున్న మనిషి కుర్చీలోంచి లేచాడు. దగ్గుతో ఊగిపోతున్నాడు, కూర్చోమంటే కూర్చోడు. "ఎల్స్‌బెత్, ఇతనేం చేశాడే? హిట్లర్‌ని కాదని దేశం వదిలిపోయినవాడు కదా! చేసినవాళ్ళు సోఫాల్లో కూర్చుని చూస్తున్నారు, చెయ్యనివాడు మోకాళ్ళ మీద ఉన్నాడు" అన్నాడు. తర్వాత కూర్చుని, "ఆల్విన్‌కి రాయి. వాడేమంటాడో నాకు తెలుసుకోవాలనుంది. వాళ్ళ పార్టీ ఆఫీసులో ఏమనుకుంటున్నారో కూడా అడుగు" అన్నాడు.

నీకు రాయనన్నాను, తన గురించి నువ్వేమన్నావో తనకి తెలీదన్నాను. నవ్వాడు. "తెలుసు. కాగితం బల్ల మీద వదిలేశావు. నేను కబుర్లు పైకి మోసేవాణ్ణట. ఫరవాలేదు, కాఫీ మాత్రం బాగుంది" అన్నాడు.

ఇక నావల్ల కాదు. చింపితే చింపు, పేరు పెట్టి రాస్తున్నాను. బెర్టెల్ పరిస్థితి బాగాలేదు. మూడేళ్ళ కిందట నా పై గదిలోకి వచ్చినప్పుడు నీకు రాశాను. నువ్వా ఉత్తరం సగంలో చింపి వెనక్కి పంపావు. డాక్టరు సంవత్సరమంటున్నాడు, దేవుడు దయతలిస్తే రెండు. అన్నదమ్ములిద్దరూ మొహమొహాలు చూసుకోకుండానే ఇది అయిపోతుందా?

మనసు బాగాలేని
ఎల్స్‌బెత్


డోర్ట్‌మండ్,
16 డిసెంబరు 1970

ఎల్స్‌బెత్, నా బంగారు తల్లీ,

మొదట ఏమనుకున్నానో చెబితే నా మొహాన ఉమ్మేస్తావు. "హెర్బర్ట్ వార్సాలో ఉన్నాడు" అని చదివి, మా తమ్ముడికి వార్సాలో ఏం పని అనుకున్నాను. నీ మీద ఒట్టు! తర్వాతి వాక్యం చదివాను. మళ్ళీ చదివాను. ట్రాము ఎక్కబోతున్నవాణ్ణి మెట్టు మీద ఒక కాలూ రోడ్డు మీద ఒక కాలూ పెట్టి నిలబడిపోయాను. కండక్టరు "తాతా, లోపలికా బయటికా?" అని అరిచాడు.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ బయటికి తీశాను. టోపీ లేదు, ముదురు కోటు, నడక బరువు. నేనడిగిన ప్రతిదానికీ జవాబు రాశావు! నేను పేరు చూసి కళ్ళు మూసుకున్నాను. నువ్వు నిజంగా ఆ కిటికీ కింద ఉన్నావు. ఓరి నా మట్టి బుర్రా! వాణ్ణి మనం ఎప్పుడూ బెర్టెల్ అనేకదా పిలుచుకున్నాం. కోపం వచ్చాక హెర్బర్ట్ అని దూరం పెట్టింది నేనొక్కణ్ణే. మీరెవరూ పెట్టలేదు, పాపం మీకెందుకు తోస్తుంది?

ఇక వాణ్ణి నేనన్న మాట. దగ్గు నటన అన్నాను. సొంత తమ్ముణ్ణి. సిగ్గుతో చచ్చిపోతున్నాను, ఎల్స్‌బెత్. వాడు కాఫీ బాగుందన్నాడా? అది చదివినచోట ఏడ్చేశాను.

వాడడిగినదానికి జవాబు. మా పార్టీ ఆఫీసులో కుర్చీలు విరగడమొక్కటే తక్కువ. సగంమంది అతి చేశాడంటారు. "జర్మనీని మోకాళ్ళ మీద నిలబెట్టాడు" అని ఒకడు అరిచాడు. నేను వాడి కాలరు పట్టుకున్నాను. కానీ నాక్కూడా అంతుపట్టడం లేదని బెర్టెల్‌కి చెప్పు. తప్పు లేనివాడికి ఆ మోకాళ్ళు ఎలా వంగాయి? తప్పున్నా నావి వంగవే!

నేనొస్తాను. నేను పారిపోయి వచ్చినవాణ్ణి, అక్కడ దిగగానే పట్టుకుంటారేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డాను. భయం ఇంకా ఉంది. అయినా వస్తాను. వాడు ఒక్క మాట అంటే చాలు. ఆ రోజు చెయ్యెత్తడం పొరపాటయిందని ఒక్క మాట. మిగతావన్నీ నేను మర్చిపోతాను.

మీ ఇద్దరి అన్న,
ఆల్విన్


ఎర్ఫుర్ట్,
6 జనవరి 1971

అన్నయ్యా,

నీ ఉత్తరం పైన చదివాను. ట్రాము దగ్గర బెర్టెల్ నవ్వి నవ్వి ఉక్కిరిబిక్కిరయ్యాడు, నీళ్ళు పట్టించాల్సి వచ్చింది. రెండోసారి చదివించుకున్నాడు. తర్వాత చివరి నాలుగు వాక్యాలు మూడోసారి.

"ఆ ఒక్క మాట అనను" అన్నాడు.

అనరాదా, పోయేదేముంది అని బతిమాలాను. కోప్పడ్డాడు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "1933లో మేం రెండు పార్టీలవాళ్ళం ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ కూర్చున్నాం, హిట్లర్ మధ్యలోంచి నడిచి వెళ్ళి కుర్చీ ఎక్కాడు. జైల్లో రెండు గదుల్లో ఉండి ఒకే కర్రతో తన్నులు తిన్నాం. అందుకే కలవాలని చెయ్యెత్తాను. తర్వాత ఈ పార్టీ ఏమయిందో నేనూ చూస్తున్నాను, నేనేం గుడ్డివాణ్ణి కాదు. కానీ ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ ఎత్తుతాను. అన్నకి చెప్పు. వస్తే, మళ్ళీ చెయ్యెత్తే తమ్ముణ్ణి చూడ్డానికి రమ్మను. పశ్చాత్తాపపడే తమ్ముడు కావాలంటే ఈ ఇంట్లో అలాంటివాడు లేడు."

నేనిక్కడ రాయడం మాత్రమే. మీ ఇద్దరి మధ్య పడి నలగడం నాకు అలవాటే.

ఎల్స్‌బెత్


డోర్ట్‌మండ్,
21 జనవరి 1971

ఎల్స్‌బెత్,

వారం రోజులు గిన్నెలు విసిరేశాను. చెప్పు వాడికి: కలవడం వేరు, మింగేయడం వేరు. ఆ హాలు బయట రష్యా సైనికులు నిలబడి ఉంటే లోపల ఎత్తిన చెయ్యిని చెయ్యి అనరు. ఆ రోజు మళ్ళీ వస్తే నేను మళ్ళీ ఎత్తను, మళ్ళీ వెళ్ళిపోతాను.

సరే. వాణ్ణే చూడ్డానికి వస్తాను. అనుమతికి దరఖాస్తు పెట్టు.

ఆల్విన్


డోర్ట్‌మండ్,
28 ఏప్రిల్ 1972

చెల్లాయ్, బెర్టెల్,

నిన్న అరిచి అరిచి గొంతు పోయింది కాబట్టి రాయడమే గతి. నా దరఖాస్తు మీవాళ్ళు రెండుసార్లు తిప్పికొట్టారు. నా ఉత్తరాలు వాళ్ళకి బాగా కంఠస్థం అయ్యుంటాయి, ఎవర్ననుకోను? ఇక మిగిలిన ఆశ మన రెండు వైపుల మధ్య రాకపోకల కొత్త ఒప్పందం ఒక్కటే. అది నిలవాలంటే ఛాన్సలర్ నిలవాలి. నిన్న పార్లమెంటులో ఆయన్ని దించడానికి ఓటు పెట్టారు.

ఇక్కడ కార్ఖానాల్లో మిషన్లు ఆపేశారు. ట్రాములు కూడా ఆగాయి. మా వీధిలో కసాయి దుకాణం ముందు రేడియో పెడితే అరవైమందిమి చేరాం. నా పక్కన ఒకావిడ వేళ్ళు కొరుక్కుంటోంది. వాళ్ళ అమ్మ డ్రెస్డెన్‌లో ఉందట. అందరం దేశం గురించే మాట్లాడుతున్నాం గానీ, ఎవరి కళ్ళలో చూసినా ఒక ఇల్లూ దాని మెట్లూ కనిపించాయి. నాకు బెర్టెల్ పై గదికి వెళ్ళే మెట్లు కనిపించాయి, నేనవి చూడనే లేదు.

రెండే రెండు ఓట్లు తక్కువయ్యాయి వాళ్ళకి. ఆయన నిలిచాడు. ఆ వేళ్ళు కొరుక్కునే ఆవిడ నన్ను వాటేసుకుని ఏడ్చింది. నా వయసులో ఇదీ ఒక భాగ్యమే!

బెర్టెల్, ఆ సంతకాలు అమల్లోకి వచ్చేదాకా ఉండు. ఊపిరి పిసినారిగా వాడు. నా దగ్గర నిన్ను ఓడించే మాటలు చాలా పోగయ్యాయి.

అన్న


ఎర్ఫుర్ట్,
27 నవంబరు 1972

అన్నయ్యా,

టెలిగ్రాము అందే ఉంటుంది. మళ్ళీ అనుమతి పుట్టి నువ్వు రైలెక్కేసరికి అన్నీ అయిపోతాయని నాకు తెలుసు. అందుకే రమ్మని రాయలేదు. కోప్పడకు.

ఆ ఒప్పందం పుణ్యమా అని అక్టోబరులో నువ్వొచ్చి వెళ్ళినప్పటి నుంచీ వాడు మంచం దిగలేదు. అయినా ఆ నాలుగు రోజులూ వాడికి పండగే. పాతికేళ్ళ తర్వాత చూసుకుంటున్న అన్నదమ్ములు కౌగిలించుకుని ఏడుస్తారని పిచ్చిదాన్ని, రుమాళ్ళు ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. మీరు గుమ్మంలోనే మొదలుపెట్టారు. "చిక్కిపోయావురా" అన్నావు నువ్వు. "నువ్వు బలిశావు, మీ పెట్టుబడిదారులు బాగా మేపుతున్నారు" అన్నాడు వాడు. నేను కింద బంగాళదుంప ఉండలు ఉడికిస్తుంటే పైనుంచి 1946 అని నీ అరుపు, 1933 అని వాడి అరుపు, మధ్యలో దగ్గు. దగ్గొచ్చినప్పుడు నువ్వు అరుపు ఆపేవాడివి. వాడికి ఊపిరి అందేదాకా ఆగి, వాడు "ఊఁ, చెప్పు" అన్నాక మళ్ళీ అందుకునేవాడివి. అది నేను కిందనుంచి వింటూనే ఉన్నాను. గరిటె పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను.

మీ ఎన్నికల రోజు వాడికి తెలివి బాగానే ఉంది. ఫలితాలు వింటానన్నాడు. మీవాళ్ళు గెలిచారని తెలియగానే, "అన్న ఇవాళ తాగి పాటలు పాడతాడు. రాగం ఒక్కటీ రాదు" అన్నాడు. మర్నాడు పొద్దున పోయాడు. బాధపడలేదు. నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. నిన్న, చనిపోయినవాళ్ళని తలుచుకునే ఆదివారం నాడు, సమాధి మీద ఫర్ చెట్టు కొమ్మలు కప్పి వచ్చాను.

నువ్వు రైలెక్కుతూ ప్లాట్‌ఫారం మీద నాతో అన్న మాట వాడికి చెప్పాను, "వాడికి జవాబు దొరకలేదు, ఓడిపోయాడు, చెప్పు" అన్నావే, అది. మంటెత్తిపోయాడు. మంచం మీదే దిండ్లు ఎత్తు పెట్టించుకుని, నెలరోజులు రోజుకి కొన్ని వాక్యాలు చొప్పున జవాబు చెప్పాడు, నేను రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. దీంతో పెడుతున్నాను. నువ్వు చెప్పినవాటిలో ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. ఒకచోట నిన్ను మొద్దు అన్నాడు. వద్దురా అంటే, రాయి అన్నాడు.

నువ్వు జవాబు రాయి. సమాధి దగ్గర చదువుతాను, ఎవరు చూసి ఏమనుకున్నా సరే. కానీ ఒకటే షరతు. పోయాడు కదా అని మెత్తగా రాశావో, నేను చదవను.

ఎల్స్‌బెత్